రెండో అంకె

ఆ శుక్రవారం పొద్దున్నే హైమ ఓవెన్ తలుపు తీసి చూసి నిట్టూర్చింది. లోపల లైటు వేసి, గిన్నె మీద తువ్వాలు కప్పి మరీ పెట్టినా ఇడ్లీపిండి పొంగలేదు. చికాగో పక్కన ఈ షామ్‌బర్గ్ చలికి మనుషులే ముడుచుకుపోతుంటే పిండిని అని ఏం లాభం! రేణు వచ్చింది, దానికి ఇడ్లీ అంటే ప్రాణం. ఇక చేసేదిలేక ఉల్లిపాయలు తరిగి ఉప్మాకి ఎసరు పెట్టింది.

రేణు ఆవిడ కన్న కూతురు కాదు. యజ్ఞనారాయణ మొదటి భార్య ప్రమోద కూతురు. ప్రమోద పోయేనాటికి పిల్లకి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ తర్వాత ఆయన ఇండియా వెళ్ళి హైమని చేసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఆవిణ్ణి చూసి ఆ పిల్ల, తెలిసిన తెలుగు ఆడవాళ్ళందర్నీ పిలిచినట్టే "హలో ఆంటీ" అంది. పోనీలే, కొత్త కదా, అదే సర్దుకుంటుంది అనుకున్నాడు తండ్రి. ఏ విషయమైనా అనుకోవడంతోనే సరిపెట్టేసే మనిషాయన. ఇప్పుడా పిల్ల చికాగోలో లా చదువుతోంది. హైమ ఇంకా ఆంటీయే.

ఆ ఇంట్లో హైమకి మాట్లాడ్డానికి మనిషి లేదు. ఆయన పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాడు, వచ్చాక టీవీలో వార్తలు. కారు నేర్చుకుంటానంటే "ఈ మంచులో ఎందుకులే" అన్నాడు, ఎండలొచ్చేసరికి ఆ మాటే మర్చిపోయాడు. కుక్కని తిప్పుతూ పక్కింటాయన చెయ్యి ఊపితే ఆ రోజుకి అదే పలకరింపు. అందుకే రేణు "ఆంటీ, నా ఆర్గ్యుమెంట్ వింటారా? మీరే జడ్జి" అనగానే, ఆవిడ చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుని బుద్ధిగా కూచుంది.

మర్నాడు లా స్కూల్లో మూట్ కోర్టు పోటీ. కోర్టు ఉత్తుత్తిదే గానీ పట్టుదల నిజమైనది. పొద్దున ఒక పక్షాన వాదించినవాళ్ళు మధ్యాహ్నం రెండో పక్షాన వాదించాలి.

"ఏమిటా కేసు?" అంది హైమ.

"ఒక ఊళ్ళో మేయర్ ఎలక్షన్ అనుకోండి. ఓటర్ ఒక్కడికే టిక్ పెట్టడు. ఒకటి, రెండు, మూడు అని నంబర్స్ వేస్తాడు. ఎవరికీ సగం కన్నా ఎక్కువ రాకపోతే లాస్ట్ వచ్చినవాణ్ణి తీసేస్తారు. వాడికి ఒకటి వేసిన ఓట్లు, ఆ పేపర్స్ మీద రెండు ఎవరికి ఉంటే వాళ్ళకి వెళ్తాయి. ఫస్ట్ కౌంట్‌లో ముందుండి అలా ఓడిపోయినవాడు కోర్టుకెళ్ళాడు, ఇది కాన్‌స్టిట్యూషన్ ఒప్పుకోదని."

"ఎక్కడైనా నిజంగా ఉందా ఇలా?"

"మిషిగన్‌లో ఒక ఊళ్ళో పెట్టారు ఆంటీ. కేసు వేశారు. జడ్జి ఓకే అన్నాడు. తర్వాత ఊరివాళ్ళే ఓటేసి తీసేశారు."

"మరి నువ్వేమంటావు?"

"పొద్దున రౌండ్‌లో నాది వద్దనే సైడు." రేణు లేచి నిలబడి, గొంతు సవరించుకుని ఇంగ్లీషులో గడగడా వాదించింది. తర్వాత ఆవిడ కోసం తన వచ్చీరాని తెలుగులో చెప్పింది. "కొందరి ఓటు ఒకసారి కౌంట్ చేసి, కొందరిది రెండుసార్లు చేస్తే అన్యాయం. ఇంకా, సెకండ్ చాయిస్ అసలు చాయిసే కాదు. హార్ట్‌తో వేసింది ఫస్ట్. సెకండ్ అంటే వేరే దారి లేక వేసింది. అలా గెలిచినవాడు చెయిర్‌లో కూచుంటాడు, కానీ ఆ చెయిర్ వాడిది కాదు."

హైమ ఖాళీ ప్లేటు వైపు చూపించి, "ఇడ్లీ లేదని ఉప్మా తిన్నావు కదా. కడుపు సగమే నిండిందా?" అంది.

రేణు పకపకా నవ్వింది. "మీరు అవతలి సైడు లాయర్‌లా ఉన్నారే!"

హైమ కూడా నవ్వింది గానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. ఆ పిల్ల ఆ కుర్చీ మాట తనని ఉద్దేశించి అనలేదు. అసలు తను గుర్తుకే రాలేదు. అదే ఎక్కువ బాధ.

యజ్ఞనారాయణ కోటు తొడుక్కుంటూ మేడ దిగివచ్చాడు.

"డాడ్, రేపు సెకండ్ రౌండ్‌కి వస్తున్నావు కదా?"

"వస్తానమ్మా."

ఆ పిలుపు ఆయన దగ్గరే ఆగిపోయింది. హైమ ప్లేటు తీసి సింకులో పెట్టింది.

"ఆంటీ, ఒకటి అడగనా?" అంది రేణు వెనకనుంచి. "మీ మెడలో ఆ బిళ్ల రేపొక్కరోజు నాకివ్వండి. అమ్మది వేసుకుని వాదించాలని ఉంది."

హైమ తడిచెయ్యి మెడ మీదికి వెళ్ళింది. మంగళసూత్రం పక్కనే చిన్న బంగారు బిళ్ల, దాని మీద చెక్కిన ఆడమనిషి బొమ్మ.

"ఇది తియ్యకూడదమ్మా."

"ఒక్క రోజుకి కూడానా?" రేణు ముఖం ఎర్రబడింది. "ఆ బొమ్మ మా అమ్మదని చిన్నప్పుడే ఒక ఆంటీ చెప్పింది నాకు. మా అమ్మ నగ మీరు ఇన్నేళ్ళు వేసుకుని తిరిగారు. నేనెప్పుడైనా ఏమైనా అన్నానా? అమ్మ రూమ్, అమ్మ కిచెన్, అన్నీ తీసుకున్నారు. అదైనా నాకు రావాలి కదా!"

"రేణూ, ఇప్పుడెందుకులే" అంటూ యజ్ఞనారాయణ కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

హైమకి అంతకాలంగా రాని కోపం ఒక్కసారిగా వచ్చింది. "ఏమండీ! ఇవాళైనా నోరు విప్పండి! ఇదేమిటో ఈ పిల్లకి ఒక్కసారైనా చెప్పారా?"

ఆయన తల దించుకున్నాడు.

"సరే, నేనే చెప్తాను. ఇది మీ అమ్మ నగ కాదు. మా పుట్టింటివాళ్ళు చేయించింది. మొదటి ఇల్లాలు పోయిన ఇంటికి రెండో పెళ్ళి మీద వెళ్ళే ఆడది, ఆవిడ బొమ్మ చేయించుకుని మెడలో వేసుకోవాలి. సవతమ్మ అంటారు దీన్ని. తాళితో పాటే నా మెడలో పడింది. కొత్త చీర కొంటే ముందు ఆవిడ ఫొటో దగ్గర పెట్టి, ఆ తర్వాతే కట్టుకుంటాను. పండక్కి ఏం వండినా ముందు ఆవిడకి పెడతాను." హైమ బిళ్లని పిడికిట్లో పట్టుకుంది. "ఈ దేశం వచ్చాక నేను మనసు విప్పి మాట్లాడుకున్న మనిషి ఎవరనుకున్నావు? మీ నాన్నా? నువ్వా? ఆవిడే! ఈ కుర్చీ నాదని నేనెన్నడూ అనలేదు రేణూ. కానీ కూచున్నాక ఏ పనీ అరకొరగా చెయ్యలేదు."

రేణు ట్రైను టైమైందని గొణిగి బ్యాగు తీసుకుంది. తండ్రి వెనకాలే వెళ్ళి కారెక్కింది.

ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. హైమ దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి ప్రమోద ఫొటో ముందు కూలబడింది.

"తొందరపడ్డానా అక్కా?" అంది.

మర్నాడు మధ్యాహ్నం యజ్ఞనారాయణ ఆవిడ కోటు తెచ్చి ఇచ్చాడు. "వేసుకో. వెళ్దాం."

"నన్నెవరూ రమ్మనలేదుగా."

"నేను రమ్మంటున్నాను. ఎప్పుడో అనాల్సింది. ఇంకా చాలా అనాల్సింది." ఆ మనిషికి అంతకంటే మాటలు రావు. కోటు మాత్రం ఆవిడ వేసుకునేదాకా పట్టుకునే నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళేసరికి రౌండు మొదలైపోయింది. ఇద్దరూ ఆఖరి వరసలో కూచున్నారు. రేణు ఇప్పుడు రెండో పక్షాన, అంటే ఆ అంకెల ఓటు న్యాయమే అనే పక్షాన వాదిస్తోంది. మధ్యలో కూచున్న జడ్జి, తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ, కళ్ళజోడు తీసి అడిగింది. "కౌన్సెల్, రెండో అంకెని ఒకటో అంకెతో సమానంగా ఎలా చూడమంటారు? అది మనసులో రెండో స్థానమేగా?"

రేణు కాగితాలు తిరగేసింది. తలెత్తింది. ఆఖరి వరసలో జరీ అంచు చీర మీద కోటు వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఒదిగి కూచున్న హైమ కనిపించింది. కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"యువరానర్, ఒకటో అంకె పడిన మనిషి ఇక లేనప్పుడు ఆ ఓటు దిక్కులేనిది కాకూడదు. రెండో మనిషికి చేరేది సగం ఓటు కాదు. అదనపు ఓటూ కాదు. అదే ఓటు, మొత్తంగా." గొంతు వణికింది. నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది. "దాని కోసం ఒకటో అంకెని ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు. కాగితం మీద అది అలాగే ఉంటుంది. రెండో మనిషి దాన్ని కూడా మోసుకునే ముందుకెళ్తుంది."

లాయర్ల ఇంగ్లీషు హైమకి చాలావరకు అందలేదు. ఈ మాటలు మాత్రం అందాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోటీలో రేణు నెగ్గలేదు. కోర్టులో గొంతు వణకడం జడ్జీలకి నచ్చే సంగతి కాదు.

బయట వరండాలో తోటి విద్యార్థిని సూసన్, చీర వైపు ముచ్చటగా చూస్తూ ఎవరావిడ అని అడిగింది.

"మై మదర్" అంది రేణు.

హైమ గబగబా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. "అలా అనకు తల్లీ. అమ్మ ఇదిగో, ఇక్కడుంది." మెడలోంచి బిళ్ల తియ్యకుండానే రేణు అరచేతిలో పెట్టింది. సూత్రం పొట్టి. బిళ్ల చూడాలంటే రేణు బాగా వంగాల్సి వచ్చింది. వంగి, ఆవిడ భుజానికి తల ఆనించింది.

అరిగిపోయిన ఆ బొమ్మని బొటనవేలితో తడుముతూ చాలాసేపు ఏడ్చింది. "నాకు తెలీదు. నిజంగా తెలీదు. మరి నేను మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"పిన్నీ అను. నాకదే చాలు."

"పిన్నీ" అంది రేణు. 'న్నీ' దగ్గర అమెరికా యాస అడ్డొచ్చింది. మళ్ళీ అంది, ఈసారి కాస్త సరిగ్గా. "పిన్నీ, ఇంటికెళ్దామా?"

యజ్ఞనారాయణ కాస్త దూరంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. హైమ ఆ పిల్ల వీపు నిమురుతూ, ఇద్దరి మధ్యా నలుగుతున్న బిళ్లని గుండెకి హత్తుకుంది.

"విన్నావా అక్కా?" అంది. అన్నేళ్ళలో మొదటిసారి, పదిమందిలో, పైకే.