గుమ్మం పక్కన దడపెట్టె

ఇందులో ఒకటి రెండు సంగతులు ముందువెనకలు కావచ్చు. చాక్లెట్ సంచులు తలుపులకు వేలాడదీయడం ముందు మొదలైందో, ఎవరో పిల్లలు లిఫ్టులో ఎర్రరంగు పూసి గొడవ తెచ్చింది ముందో గట్టిగా చెప్పలేం. దడపెట్టెలు మాత్రం ఆ రెండింటి తర్వాతే వచ్చాయి. ఇది వాటి రెండో ఏడు, హాలోవీన్ సాయంత్రం. మాణిక్యాంబ తన గుమ్మం పక్కనున్న పెట్టె స్విచ్చు మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి నిలబడి ఉంది.

"దాన్ని ఆపకు పెద్దమ్మా," వంటింట్లోంచి హైమ అంది. "మనమొక్కళ్ళమే ఆపితే ఏదో దాస్తున్నామనుకుంటారు."

హైమ ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పట్నుంచీ ఇద్దరూ, హైమ కూతురు మహతీ, తెల్లాపూర్‌లోని ఈ ఫ్లాట్‌లోనే ఉంటున్నారు.

"దాచడానికి మన దగ్గరేముందే," అంది మాణిక్యాంబ. అంటుండగానే పెట్టెలో ఏదో కిర్రుమంది. ఆమె గబుక్కున పక్కకు జరిగింది.

ఆ అపార్ట్‌మెంట్లలోకి హాలోవీన్ వచ్చిన కొత్తలో పిల్లలు ముసుగులేసుకుని తలుపులు కొట్టేవారు. పెద్దవాళ్ళు అబ్బో అని భయం నటించి, చాక్లెట్లు లేకపోతే జంతికలైనా పెట్టేవారు. పోనుపోను ఎవరికీ తీరిక లేకపోయింది. సంచులు తలుపులకు తగిలించి లోపల టీవీ చూసుకునేవారు. పిల్లలు ఒక్క మనిషి మొహమైనా చూడకుండా అంతస్తులన్నీ ఊడ్చుకుపోయేవారు. ఇదేం బాగాలేదని అసోసియేషన్ వాళ్ళు నాలుగో అంతస్తు నీలోఫర్‌ని పట్టుకున్నారు. ఆమె సైంటిస్టు. భయం శరీరంలో ఎలా నడుస్తుందన్నది ఆమె పరిశోధన.

"ఉలికిపాటు వేరు, భయం వేరు," అని నీలోఫర్ మీటింగులో వివరించింది. "టపాసు పేలితే ఉలిక్కిపడతాం, మరుక్షణం గుండె సర్దుకుంటుంది. భయం అలా కాదు, వచ్చి కూర్చుంటుంది. ఈ పెట్టెలో చిన్న రాడార్ ఉంది. మనిషిని ముట్టుకోకుండా ఛాతీ కదలికను బట్టి గుండె, ఊపిరి ఎలా నడుస్తున్నాయో చూస్తుంది. దడ నిలిచి ఉంటేనే చాక్లెట్ జారుతుంది. ఎంత భయపడితే అన్ని. తలుపు తీసి ఎదురుగా నిలబడకపోతే అసలు పనిచెయ్యదు."

"మేం నటిస్తేనో?" అన్నాడు సెక్రటరీ.

"గుండె నటించదు అంకుల్."

మొదటి ఏడు ముసుగులకు చాక్లెట్లు పెద్దగా రాలలేదు. దాంతో పిల్లలకు కిటుకు అర్థమైపోయింది. పదో తరగతి పిల్ల ఒకతి స్కూలు బట్టల్లోనే సెక్రటరీ గుమ్మంలో నిలబడి, "అంకుల్, ఆడిట్ అంటూ ఎవరో వచ్చి కింద మిమ్మల్ని అడుగుతున్నారు," అంది. దోసిలి నిండింది. జిమ్ నడిపే కుర్రాడితో ఇంకొకడు, "అన్నా, వెనక జుట్టు పలచబడింది, చూసుకున్నావా?" అన్నాడు. జేబు నిండింది. ముసుగులు అటకెక్కాయి.

మాణిక్యాంబ పెట్టె మాత్రం కదల్లేదు. పిల్లలు ఆమెకు రాతి అమ్మమ్మ అని పేరు పెట్టారు.

"మీరు దేనికీ భయపడరా?"

"మీ అమ్మలకే భయపడలేదు, మీకు భయపడతానా?"

అప్పుడది నిజమే. ఈ ఏడాదిలోనే పేర్లు జారిపోవడం మొదలైంది. ఎవరెవరో తెలుసు, ఎవరికి పులుపు పడదో కూడా తెలుసు, పేరొక్కటే నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. అందుకని అందర్నీ బంగారం అని పిలిచి నెట్టుకొస్తోంది. ఎదురు బ్లాకు సుభద్రమ్మకు మతిమరుపని తేలాక ఆవిణ్ణి గేటు దాటనివ్వడం లేదు. "అదే మంచిది," అంది హైమ ఆ కబురు విని. మాణిక్యాంబకు ఆ రోజు అన్నం సయించలేదు. గురువారం గురువారం ఒక్కతే బస్సులు మారి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళొస్తుంది. ఆ కాస్తా పోతే ఆమెకిక మిగిలేదేముంది?

బెల్లు మోగింది. పిల్లల గుంపు.

"అమ్మమ్మా, లిఫ్టు పాడైంది," అన్నాడు ఒకడు.

"నాకు మోకాళ్ళున్నాయిరా."

"మీ రూమ్‌లో దయ్యముంది."

"ఉంటే అద్దె అడుగుతాను."

పిల్లలు నవ్వారు. వెనకనుంచి ఓ చిన్నపిల్ల తోసుకుంటూ ముందుకొచ్చింది. చెమట పోసిందని ముసుగు తీసి నడుముకు దోపుకుంది. దానికి ఎత్తులేమీ రావు, ఆడుకోవడమే.

"అమ్మమ్మా, నేనెవర్నో చెప్పుకో."

ఆ పొద్దున జడ వేసింది ఈ తలకే. పాలమీగడ తీసి పెడితేనే అన్నం తినేది ఈ పిల్లే. హైమ కడుపున పుట్టింది, పక్కలో పడుకుని కథలడుగుతుంది. పేరు మాత్రం రాలేదు.

"నా బంగారానివి," అంది.

పెట్టెలోంచి ఒకటి జారింది.

"అది కాదు, పేరు చెప్పు."

మరొకటి. ఇంకొకటి. తర్వాత ఆగకుండా రాలాయి. పిల్లలు కేరింతలు కొడుతూ ఏరుకుంటున్నారు. పెట్టె అడుగంటిపోయింది. హైమ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అల్లరి విని నీలోఫర్ దిగి వచ్చి, వంగి చిన్న తెరను చూసింది.

"పాడైందా?" అంది హైమ ఆశగా.

"లేదు," అంది నీలోఫర్. "పెట్టె బాగానే ఉంది," అని స్విచ్చు మీదికి చెయ్యి చాపింది.

"ఉండనీ అమ్మా," అంది మాణిక్యాంబ. "ఇంక దాన్ని ఆపి ఏం లాభం?"

హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎప్పట్నుంచి?"

"వేసవి నుంచి. నన్ను గేటు దగ్గర ఆపేస్తావని చెప్పలేదు."

"గురువారం నేనూ వస్తాను," అంది హైమ.

"బస్సులో నా పక్కన కూర్చుని నసపెట్టనంటే రా."

ఈలోగా, పేరడిగితే చాలు రాతి అమ్మమ్మ పెట్టె రాలుస్తుందన్న కబురు బ్లాకులన్నీ తిరిగేసింది. మెట్ల మీద వరస కట్టారు పిల్లలు, ఒక్కరికీ ముసుగు లేదు. ఎవరో అప్పుడే పెట్టె నింపేశారు కూడా. ముందున్నవాడు కళ్ళజోడు సవరించుకుని, "నేనెవర్ని?" అన్నాడు.

మాణిక్యాంబ హైమ వైపు తిరిగింది. హైమ చెవిలో చెప్పింది.

"కౌస్తుభుడివి," అంది మాణిక్యాంబ. పెట్టె పలకలేదు. తర్వాతి పిల్ల వచ్చింది. మళ్ళీ హైమ చెప్పింది, మళ్ళీ ఏమీ రాలలేదు.

"ఆంటీ, మీరు అందిస్తే ఎలా?" అన్నాడు కౌస్తుభుడు హైమతో. "చాక్లెట్లు పడటం లేదు. మీరు లోపలికి వెళ్ళండి."



"వాళ్ళ మాటలకేం గానీ నువ్విక్కడే నిలబడవే," అంది మాణిక్యాంబ, హైమ కొంగు పట్టుకుని. "ఈ రెండు పిలకల పిల్ల రుక్సానా, దాని వెనక పొడుగాటివాడు తేజోమయి తమ్ముడు. సరిగ్గా చెప్పానా? కాస్త చూసి చెప్పు."