మలుపు వెనక బెంచీ

"ఆ టిష్యూ ప్యాకెట్ నాది," అన్నాను.

"ఈ సీటు నాది," అందా అమ్మాయి తల కూడా ఎత్తకుండా, ఇంగ్లీషులో.

శనివారం మధ్యాహ్నం, సింగపూర్‌లో టోవా పాయో హాకర్ సెంటర్. చుట్టూ తిండి దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకుని, అదే ఆపుకుని, వెళ్తే, ఈ ఊళ్ళో ఎంత పెద్దవాడైనా ఆ సీటు జోలికి రాడు. అలాంటిది నేను ప్రాటా అని పిలిచే ఇక్కడి పరోటాల పళ్ళెంతో తిరిగొచ్చేసరికి నా ప్యాకెట్‌ని పక్కకి నెట్టి ఈవిడ దర్జాగా కూర్చుంది. ప్యాంటుకి మోకాళ్ళ దాకా ఎండిన మట్టి. జడలో ఒక ఎండుటాకు.

"నేను మీకన్నా ముందే పెట్టాను. ఫ్యాన్ గాలికి పడిపోయింది. చూసుకోండి లా," అని, ఈ ఊరివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా చెప్పి, బల్ల కింద చూపించింది. నిజంగానే అక్కడ ఇంకో ప్యాకెట్ పడి ఉంది. వేరే చోటు లేక ఎదురుగానే కూర్చున్నాను.

అంతలో అమ్మ ఫోన్ చేసింది.

"ఆ, తింటున్నానమ్మా. ఎదురుగా ఒక రౌడీ పిల్ల కూర్చుంది. పర్లేదులే, తెలుగు రాదు. రేపు ఆ గార్డెన్ డిజైనరెవరో వస్తుందిగా? బాట వెయ్యడానికి కూడా డిజైనరెందుకమ్మా? గుమ్మం నించి పారిజాతం చెట్టు దాకా తాడు కట్టి, సిమెంటు పోస్తే బాట కాదా?"

ఎదుటి అమ్మాయి తన ప్రాటా ఆఖరి ముక్కని కూరలో శుభ్రంగా ముంచి తింది. చేతులు తుడుచుకుంది. లేచి నిలబడింది.

"సెరంగూన్ గార్డెన్స్, హైమావతి ఆంటీ ఇల్లే కదా?" అంది చక్కటి తెలుగులో. "పేరు కీర్తిక. రేపు పొద్దున్నే వస్తాను. తాడు మాత్రం మీరే తెచ్చుకోండి."

నా గొంతులో ప్రాటా అడ్డం పడింది. నీళ్ళు తాగి చూసేసరికి ఆవిడ లేదు. ఆ ఎండుటాకు మాత్రం బల్ల మీద రాలి ఉంది. అమ్మ ఫోన్లో "కౌశల్, ఒరే కౌశల్, ఎవర్రా అది?" అంటోంది.

మాది వీధి మూల ఇల్లు కాబట్టి పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది. ఇంజనీరుగా రైళ్ళ సిగ్నళ్ళు చూసుకునే నాకు ఆ జాగాలో కనిపించేది జాగాయే. అమ్మకి మాత్రం అది తను వదిలొచ్చిన భీమవరం. మల్లె, కనకాంబరం, నందివర్ధనం, గోంగూర, కరివేపాకు, అన్నిటికీ చివర గోడ పక్కన పారిజాతం. తెల్లారి స్నానం చేసి, చెప్పుల్లేకుండా వెళ్ళి, రాలిన పారిజాతాలు ఏరుకొస్తేనే అమ్మకి పూజ.

పోయిన డిసెంబరు వానల్లో నాచు పట్టిన రాయి మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది. డాక్టరు నడవమన్నారు. అమ్మ ఇంట్లో నడుస్తుంది, లిఫ్టున్న మాల్‌లో నడుస్తుంది. తోటలోకి మాత్రం గుమ్మం దాటదు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మా నాన్న సుధాకరరావుగారికి ఆ తోట మీద పగ పుట్టింది. "అది నా పెళ్ళాన్ని పడేసిందిరా," అని ఒకరోజు నాతో అన్నారు. మొత్తం పీకించి సిమెంటు చేయించడానికి సోమవారం మనుషుల్ని మాట్లాడేశారు. అమ్మ "సరేనండీ" అంది. వద్దని పోట్లాడి ఉంటే నాకింత భయం వేసేది కాదు. అమ్మ స్నేహితురాలు అరుంధతి ఆంటీ అడ్డుపడి, తనకి తెలిసిన డిజైనర్ని పంపుతానంది. నాన్న ఒక్క ఆదివారం గడువిచ్చారు. "ఆ పిల్ల వెళ్ళేలోగా హైమ ఆ తోటలో కాలు పెడితే బాట. లేకపోతే సిమెంటు," అన్నారు.

ఆదివారం కీర్తిక వచ్చింది. టేపు తియ్యలేదు, కాయితం తియ్యలేదు. బూట్లు విప్పేసి వట్టి కాళ్ళతో తోటంతా తిరిగింది. తర్వాత లోపలికొచ్చి, "ఆంటీ, ఒక్కసారి మీ కుర్చీలో కూర్చోనా?" అని అడిగి, కూర్చుని, కిటికీలోంచి చాలాసేపు చూసింది. అలా చూస్తున్న మనిషిని నేను అంతకన్నా ఎక్కువసేపు చూశానని అమ్మ తర్వాత నలుగురికీ చెప్పింది. అబద్ధమేం కాదు.

"తాడు తెచ్చారా?" అంది నన్ను చూసి.

తెచ్చాను. గుమ్మం నించి పారిజాతం దాకా తిన్నగా కట్టి చూపించాను.

"బావుంది. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే ఏం కనిపిస్తోంది?"

"అంతా."

"అదే ప్రాబ్లమ్. అన్నీ ఇక్కడే కనిపించేస్తే ఇంక నడవడమెందుకు? కొంచెం దాచాలి లా. ఈ నందివర్ధనం దాటితే అవతల ఏముందో అనిపించాలి. మల్లెపొద దగ్గర మలుపు తిప్పితే కొంగుకి తగిలి వాసనొస్తుంది. బాటంటే తోటని ఒక్కొక్క మొక్కగా చూపించాలి."

"రైలు పట్టాలు వీలైనంత తిన్నగా వేస్తాం."

"ఆంటీ రైలు కాదు లా."

కిటికీలోంచి అమ్మ నవ్వు వినిపించింది. అమ్మ నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడే గుర్తొచ్చింది.

వెడల్పు దగ్గర మళ్ళీ వాదించుకున్నాం. ఒక మనిషి పట్టేంత చాలన్నాను. ఆవిడ నా పక్కకొచ్చి, భుజం భుజం కలిసేంత దగ్గరగా నిలబడి, మా ఇద్దరి కాళ్ళకి అటూ ఇటూ రెండు రాళ్ళు పెట్టింది. "ఇంత కావాలి. చెయ్యి పట్టుకుని పక్కన నడిచేవాళ్ళుంటారు కదా," అంది. ఆ వెడల్పు మీద నాకప్పుడు ఏ అభ్యంతరమూ కనిపించలేదు.

నీళ్ళు నిలవకుండా బాట పక్కలకి కొద్దిగా వాలుగా ఉండాలంది. తడిసినా పాదం జారకుండా చిన్న గులకరాళ్ళు పైకి తేలేలా సిమెంటు కడగాలంది. నల్లరాయి వేస్తే ఎండకి వట్టి కాళ్ళు కాలిపోతాయంది. అమ్మ చెప్పులేసుకోదని ఆవిడకి నేను చెప్పలేదు. గుమ్మం దగ్గర అమ్మ చెప్పులన్నీ వీధివైపే తిరిగి ఉండడం, తోటవైపు ఒక్క జతా లేకపోవడం చూసి కనిపెట్టిందట. నాకు మతిపోయింది.

కానీ ఏమడిగినా అమ్మది ఒకటే మాట. "నీ ఇష్టం అమ్మాయ్. నేనెలాగూ రాను."

మధ్యాహ్నమయింది. నాన్న హాల్లో గడియారం చూసుకుంటున్నారు. కీర్తిక సంచీలోంచి ముగ్గుపిండి పొట్లం తీసింది. బాట ఎక్కడికి రావాలో నేల మీద గీసి చూసుకోవడానికట. గుప్పెడు పిండి తీసి, గుప్పిట్లోంచే ధారగా వదులుతూ గీసింది. ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ.

"ఏవిటే అమ్మాయ్ ఆ గీత! వానపాము పాకినట్టుంది," అంది అమ్మ కిటికీలోంచి.

"ముగ్గెప్పుడూ వెయ్యలేదు ఆంటీ. మా పాట్టికి, అదే మా అమ్మమ్మకి, వచ్చు. నాకు నేర్పలేదు."

"గుప్పెడు కాదు, చిటికెడు! బొటనవేలూ చూపుడువేలూ మధ్య నించి జారాలి."

"వినపడట్లేదు ఆంటీ!" అంటూ ఇంకో వానపాముని గీసింది.

అమ్మ గుమ్మంలోకొచ్చింది. అక్కణ్ణించి మళ్ళీ చెప్పింది. కీర్తిక ఈసారి వేళ్ళయితే సరిగ్గా పెట్టింది గానీ చెయ్యి వణికిస్తూ మరీ ఘోరంగా గీసింది. చేతికర్ర తీసుకుని "తప్పుకో, తప్పుకో. చూళ్ళేకపోతున్నాను," అంటూ అమ్మ తోటలోకి దిగిపోయింది.

నేను ముందుకు ఉరకబోయాను. కీర్తిక కళ్ళతోనే ఆగమంది. నెమ్మదిగా వెళ్ళి అమ్మ పక్కన నిలబడి భుజం అందించింది.

అమ్మ వంగలేదు కాబట్టి నిలబడే పిండి వదిలింది. ఎంత ఎత్తు నించి వదిలినా ఆ గీత దారం పోసినట్టు పడింది. గీస్తూ నడిచింది, నడుస్తూ గీసింది. కనకాంబరం దగ్గర ఆగి "ఎలా ఎండిపోయిందో చూడు" అంది. మల్లె దగ్గర తిరిగి ఒక మొగ్గ తుంపింది. నందివర్ధనం చుట్టూ తిరిగి వెళ్ళింది. అమ్మ ఆగిన ప్రతిచోటా, తిరిగిన ప్రతిచోటా కీర్తిక ఒక వెదురుపుల్ల గుచ్చుతూ వెళ్ళింది. బాట ఎక్కడ వంపు తిరగాలో అమ్మ పాదాలే చెప్తున్నాయి. ఆ అమ్మాయి చేస్తున్న పని నాకప్పుడు అర్థమైంది. ఇంత తెలివిని నేను రౌడీ అన్నానే అనుకున్నాను.

పారిజాతం దగ్గరికి చేరాక అమ్మ తలెత్తి చూసి, తనెక్కడుందో అప్పుడే తెలిసినట్టు బెదిరింది. కర్ర గట్టిగా పట్టుకుంది.

"వచ్చేశాను," అంది చిన్నగా.

సరిగ్గా అప్పుడు వాన దబదబా కురిసింది. నాన్న గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆవిడ అడుగులో అడుగేస్తూ తీసుకెళ్ళారు. గుమ్మంలో కళ్ళజోడు తుడుచుకుని, సోమవారం రావద్దని సిమెంటువాళ్ళకి ఫోన్ చేశారు.

"అయ్యో, ముగ్గంతా కొట్టుకుపోతోంది!" అన్నాను, వాళ్ళ వెనకే వచ్చి పారిజాతం కింద నిలబడి ఉన్న నేను.

"పోనీ లా. పుల్లలున్నాయి కదా," అంది పూర్తిగా తడిసిపోయిన కీర్తిక, నవ్వుతూ.

"నిజం చెప్పండి. మీకు ముగ్గు వెయ్యడం వచ్చు కదూ?"

"నిజంగా రాదు," అంది. జడ పిండుకుంటూ, "కానీ అంత ఘోరంగా కాదు," అంది.

వానలో నిలబడి ఆ అమ్మాయి మీద మనసు పారేసుకున్నాను. ఇందులో దాచడానికేమీ లేదు.

బాట పూర్తయ్యేదాకా నేను ఆఫీసు నించి తొందరగా రావడం మొదలుపెట్టాను. రాళ్ళ రంగు గురించి పోట్లాడుకున్నాం, తడి సిమెంటు మీద పిల్లి నడిస్తే కలిసి తిట్టుకున్నాం. "మకాన్ అయిందా?" అని ఆవిడ అడిగితే, తిని ఉన్నా కాలేదనేవాణ్ణి. చివరి మలుపు తర్వాత, పారిజాతం కింద, ఇంట్లోంచి కనపడని చోట ఒక బెంచీ పెట్టించింది. "నడిచి వచ్చినవాళ్ళకే దొరకాలి," అంది.

పనంతా అయ్యాక ఆఖరిసారి చూసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున్నే వచ్చింది. రేపటి నించి ఈవిడ రావడానికి ఏ కారణమూ లేదు. మలుపులన్నీ చూసుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

బెంచీ మీద, రాలిన పారిజాతాల మధ్య, ఒక టిష్యూ ప్యాకెట్.

"ఎవరు చోప్ చేశారు?"

"నేను."

"ఎవరి కోసం?"

రాత్రంతా బట్టీ పట్టిన మాటలన్నీ పోయాయి. "మీ కోసం. ఈ ఒక్కరోజుకే కాదు. మీరు నడిచిన చోటల్లా మా ఇల్లు బావుంటోంది. నాకు మీరంటే చాలా ఇష్టం, కీర్తికా."

ఆవిడ వచ్చి కూర్చుంది. ప్యాకెట్ తీసి తన సంచీలో వేసుకుంది.

"సీటు దొరికాక ప్యాకెట్ అక్కడ వదిలెయ్యకూడదు లా," అంది. "నువ్వు కూర్చోవా?"

కూర్చున్నాను. ఆ 'నువ్వు'కి ఇంకా తేరుకోకుండానే ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది.

అప్పుడే మలుపు తిరిగి అమ్మా నాన్నా వచ్చేశారు. నేను కట్టిన తాడు ప్రకారం తిన్నగా వేసుంటే వాళ్ళు గుమ్మం దిగగానే కనిపించేవారు. బాట మెలికల్లో ఏముందో రెండడుగుల దూరం దాకా తెలీదు. అది మాకే కాదు, వాళ్ళకీ తెలీలేదు. నాన్న చెయ్యి పట్టుకుని అమ్మ, వట్టి కాళ్ళతో, కర్ర లేకుండా. మేం చేతులు విడిపించుకున్నాం. చిత్రంగా నాన్న కూడా విడిపించుకోబోయారు, అమ్మ వదల్లేదు.

నాన్న బెంచీని చూసి, మమ్మల్ని చూసి, దగ్గి, "ఇది నలుగురికి చాలదేమోనమ్మా," అన్నారు.

"ఇంకోటి వేద్దాం అంకుల్," అంది కీర్తిక తల వంచుకుని.

అమ్మ ఒక పారిజాతం తీసి ఆ అమ్మాయి జడలో పెట్టింది, ఆ రోజు ఎండుటాకు ఉన్నచోటే.

"రేపట్నించి పొద్దున్నే రావే. ముగ్గు నేర్పిస్తాను. నా తర్వాత ఈ గుమ్మంలో వానపాములు పాకితే నేనూరుకోను."