మోతగాళ్ల పటం

1962 ఆగస్టు 9. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

జహీరాబాద్‌లోని తన ఇంటి ముందుగదిలో మాజీ సిపాయి మల్లప్ప బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. పక్కనే రోకలి.

గోడల నిండా ఆఫ్రికా యుద్ధాల రంగుల అచ్చు పటాలు. తుపాకులు, తగలబడే గుడిసెలు, ఎర్రకోట్ల సైనికులు. సికింద్రాబాద్ పాతసామాన్ల దుకాణాల్లో నలభై ఏళ్లుగా ఏరి తెచ్చుకున్నవి.

ఒక్క చట్రం మాత్రం నేలమీద ఉంది. అద్దం పగిలింది. లోపల బొమ్మ లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ రామచందర్ వచ్చేసరికే జనం అమర్నాథ్‌ను నెత్తురొచ్చేలా కొట్టారు. హైదరాబాదులో పాత పటాలు కొని అమ్మే మనిషి. శవం దగ్గర దొరికాడు. సంచిలో మూడు పటాలు.

"ఎనిమిదింటికి వచ్చాను సార్. ఈ మూడూ ఆయనే ఇచ్చాడు. చట్రంలోది మాత్రం ఇవ్వనన్నాడు. లాడ్జికి పోయాను. మళ్లీ అడుగుదామని పదింటికి వస్తే..."

"చట్రంల ఏముండె?"

"గుర్రం మీద దొర. కత్తి దూసి ఉంటాడు."

వరండాలో గురులింగప్ప కుమిలిపోతున్నాడు. మల్లప్పతో పాటు ఆఫ్రికాలో పోరాడినవాడు. మెడల్ వచ్చినవాడు. ఊరంతా జమేదార్ సాబ్ అంటుంది.

"ఎప్పుడొచ్చిన్రు ఇక్కడికి?" రామచందర్ అడిగాడు.

"ఇప్పుడే సార్. మోకాళ్ల నొప్పి. నాలుగు రోజులాయె ఈ దిక్కు రాక. గా మోతగాళ్ల పటం కోసం పాణం తీసిండు సార్, పట్నపోడు!"

డాక్టర్ చూశాడు. తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య చనిపోయాడన్నాడు. ఆ సమయానికి అమర్నాథ్ లాడ్జి గదిలో ఒంటరిగా ఉన్నాడు. సాక్షి లేడు. కేసు కట్టేస్తే సాయంత్రానికి ఫైలు మూసెయ్యొచ్చు.

రామచందర్‌కు మనసొప్పలేదు. పోయిన పటం అమర్నాథ్ సంచిలో లేదు. లాడ్జిలోనూ లేదు.

మల్లప్ప ట్రంకుపెట్టె తెరిచాడు. అన్నిటికన్నా పైన ఒక పటం. గుర్రం మీద దొర!

పక్కింటి బస్వమ్మను పిలిచాడు. మల్లప్పకు రోజూ జొన్నరొట్టె ఇచ్చేది ఆమే.

"పొద్దున ఆయన్ని చూసినవా అమ్మా?"

"చూసిన సారూ. ఎనిమిదిన్నరకు రొట్టె ఇయ్యబోయిన. గుర్రపు దొర బొమ్మ తీసేసి, మూటలు మోసేటోళ్ల బొమ్మ పెడుతుండు. ఇన్నేండ్లు పెట్టెల దాసిన బస్వమ్మా, ఇగ దాయను అన్నడు."

"ఈ మాట ఎవరికన్న చెప్పినవా?"

"నన్నెవరడిగిన్రు?"

సాయంత్రం నాలుగింటికి అందరినీ అదే గదిలో కూర్చోబెట్టాడు రామచందర్.

"అమర్నాథ్ ఎనిమిదింటికి చూసింది దొర పటం. పోయింది కూడా అదేనని ఇప్పటికీ అనుకుంటున్నడు. హంతకుడైతే తను ఎత్తుకపోయిన బొమ్మ ఏదో తెల్వకుండ ఉంటదా? చట్రంల పటం మారింది ఎనిమిదిన్నరకు. అది చూసిన బస్వమ్మ గాక, మోతగాళ్ల పటం అన్నది ఒక్కరే."

గురులింగప్ప వైపు తిరిగాడు.

"నాలుగు రోజులు రాలేదన్నరు. పొద్దున మారిన పటం మీకెట్ల తెలిసింది జమేదార్ సాబ్?"



ముసలాయన చేతికర్ర జారి కిందపడింది. తీసుకోలేదు.

"తొమ్మిదింటికి వచ్చిన. బతిమిలాడిన. ఆ పటం తియ్యి మల్లప్పా అని కాళ్లు పట్టుకున్న. తియ్యనన్నడు. పంద్రాగస్టుకు బడిల అందరి ముంగట చెప్త అన్నడు. ఏటేటా పిల్లలు నీకు దండలేస్తున్నరు, చచ్చినోన్ని ఎవరు తలవాలె అన్నడు. అటు తిరిగిండు. రోకలి చేతికి దొరికింది... పటం మా ఇంటి పొయ్యిల పెట్టిన."

"చచ్చినోడు ఎవరు?"

"మోతగాడు సార్. పందొమ్మిదొందల పదహారుల, తూర్పు ఆఫ్రికాల, జర్మనోళ్లతోటి లడాయి. వానలు, బురద. వేలమంది ఆఫ్రికా కూలీలు మా ఫౌజు మూటలు మోసుకుంట రాలిపోతుండిరి. ఒకడు కూలబడ్డడు. లేవమంటే లేవలే. కాల్చిన. ఆర్డర్ ఎవ్వరు ఇయ్యలే. దుష్మన్‌ను కొట్టిననని రాయించుకున్న. మెడల్ వచ్చింది. మల్లప్ప నాతోటి పీనుగును బాట మీదికెల్లి లాగిండు. నలభై ఆరేండ్లు నోరిప్పలే."

బస్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పగిలిన పెదవి తుడుచుకుంటూ అమర్నాథ్ తల దించుకున్నాడు. పొద్దున అతన్ని కొట్టినవాళ్లు గోడకు ఆనుకొని కదలకుండా నిలబడ్డారు.

రామచందర్ స్టేట్‌మెంట్ రాస్తున్నాడు. ఒకచోట కలం ఆగింది.

"ఆ మోతగాడి పేరు?"

"తెల్వదు సార్. వాళ్లను పేరుతోటి పిలవకపోతుంటిమి. మెడకు నంబరు బిల్ల ఉంటుండె."

"నంబరు యాదికుందా?"

గురులింగప్ప ఆలోచించలేదు.

"నాలుగు వేల రెండొందల పదిహేడు."

పేరు రాయాల్సిన చోట రామచందర్ ఆ అంకెలు రాశాడు.