నర్సింగం ఇంట్లో వైరస్

సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టి, రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని, ఆ ముసలాయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. భావ్య లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"నా కొడుకు పోయిండు సార్. ఇంట్ల మనుషులే ఎవరో మాయం చేసిన్రు," అన్నాడు.

కిడ్నాప్ కేసనుకుని భావ్య గబగబా పెన్ను అందుకుంది. త్రివిక్రమ్ మాత్రం కదల్లేదు. ఆ దుప్పటి వంకా, దాన్ని పట్టుకున్న చేతుల వంకా కాసేపు చూశాడు.

"దాన్ని బల్ల మీద పెట్టు అన్నా. మీ అబ్బాయి ఉండేది అందులోనే కదా?"

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భావ్య పెన్ను కింద పెట్టేసింది. కంప్యూటర్ చదువు చదివిన తను చూడలేనిది, మంథనిలో పూజలు చేసుకుని పాఠాలు చెప్పుకునే ఇంట్లో పుట్టిన ఈ మనిషి ఒక్క చూపులో ఎలా పట్టేస్తాడో ఆమెకు ఎప్పటికీ ఆశ్చర్యమే. గోదావరిఖనిలో బట్టల దుకాణం పైనున్న ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసులో ఆమె ఉద్యోగానికి కుదిరిందీ, వదలకుండా ఉన్నదీ అందుకే.

ఆయన పేరు నర్సింగం. భూమి లోపల బొగ్గు తీసి తీసి రిటైరైన మనిషి. ఒక్కగానొక్క కొడుకు శివ కూడా బొగ్గు బాయి మీదనే పనిచేసేవాడు. కామెర్లు ముదిరి హైదరాబాద్ దవాఖానలో చనిపోయాడు. అతని ఉద్యోగం భార్య రమకు ఇచ్చారు. ఆమె పేరు మీద వచ్చిన క్వార్టర్లోనే అత్తమామలు ఉంటున్నారు. శివ కొన్న కంప్యూటర్లో అతని వీడియోలు కొన్ని మిగిలాయి. పొద్దున చాయ తాగగానే నర్సింగం దాని ముందు కూర్చుని ఒక వీడియో పెట్టుకునేవాడు. అందులో శివ "బాపూ, గిటు సూడే" అని నవ్వుతాడు. ఎప్పుడూ అదొక్కటే.

"మిగతావి చూడవా?" అని త్రివిక్రమ్ అడిగాడు.

"ధైర్యం సాలలే సార్. దవాఖానల రమ తీసింది గూడ ఒకటుండె. అది పెట్టుడే లేదు. తీసిన ఫోన్లు గూడ ఇప్పుడు లెవ్వు."

తనకు ఇంగ్లీషు అక్షరాలు రావనీ, అందుకని ఆ వీడియోలున్న ఫోల్డర్ మీద రమ శివ మొహం బొమ్మ పెట్టిందనీ, ఆ మొహం మీద నొక్కితే తెరుచుకునేదనీ ఆయన చెప్పాడు. ఒకరోజు పొద్దున బీపీ గోళీల కోసం దవాఖానకు పోయి మధ్యాహ్నం వచ్చేసరికి ఆ మొహం లేదు.

వైరస్‌ల సంగతి ఆయనకు ముందునుంచీ భయమే. అల్లుడు ఎల్లేశం ఉచితంగా దొరికే యాంటీవైరస్ ఒకటి వేసి ఇంటికి ఇది చాలన్నాడు. కంప్యూటర్ దుకాణం రుత్విక్ అది ఉత్తదని, డబ్బు కట్టేది ఇంకొకటి వేశాడు. ఏది మంచిదో తేల్చుకోలేక నర్సింగం రెండూ ఉంచాడు. శివ బొమ్మ పోయాక నీ ఉచితపుదాని వల్లనే వైరస్ దూరిందని అల్లుడి మీద పడ్డాడు. ఎల్లేశం ఊరుకోలేదు. మాటా మాటా పెరిగి, కూతురు పుట్టింటి గడప తొక్కడం మానేసింది.

"ఆ దినమే రుత్విక్‌కు ఫోన్ చేస్తే కొత్తది ఎక్కియ్యమన్నడు. ఎక్కిచ్చిన. చెత్త మస్తుగున్నది, ఊడ్వాల్నా అని అడిగింది. బడి నుంచి వచ్చిన మనుమరాలు, నా బిడ్డ కూతురు, సదివి చెప్పింది. ఊడ్వుమన్న. అంత మంచిగున్నదని తెరంత పచ్చగైంది సార్. అయినా కొడుకు రాలే. అటెన్క ఇంకోటి, ఇంకోటి మార్చి మార్చి చూసిన."

ఇంతా చెప్పి ఆయన గొంతు తగ్గించాడు. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మనిషి కోడలొక్కతే. రామకృష్ణాపూర్ నుంచి ఆమెకు ఒక మారుపెళ్లి సంబంధం వచ్చింది. భార్య పోయిన ఫిట్టర్. ఆమె అవుననలేదు, కాదనలేదు.

"వైరసే తీసుకపోయిందని చెప్పుండ్రి సార్, సాలు. ఆ పిల్లే తీసిందంటే, ఆమె ఇంట్ల కూసోని ఆమె పెట్టిన బువ్వ ఎట్ల తిందు?"

ఆయన వెళ్లాక భావ్య డబ్బాకు తెర తగిలించి తెరిచింది. మధ్యాహ్నమంతా వెతికినా వైరస్ జాడ కనబడలేదు. మనవరాలి బడి ఫోటోలు, భజన పాటలు, రమ డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదువుకున్న పేపర్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది ఒక్క శివ మొహమే. తెర మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో శివ పేరు రాసి ఉన్న ఇంకో ఫోల్డర్ కనిపించింది. అందులో శివ ఫోటోలున్నాయి. మాట లేని ఫోటోలు.

"వైరస్‌కు ఇంత ఎంపిక ఉండదు సార్," అంది ఆమె. "మనిషి పనే. కానీ శివను చెరపాలనుకున్న మనిషి ఈ రెండోదాన్ని ఎందుకు వదిలినట్టు?"

త్రివిక్రమ్ ఆ ప్రశ్నే బాగుందన్నట్టు తల ఊపాడు.

మర్నాడు ముందుగా రుత్విక్ దుకాణానికి వెళ్లారు. డిటెక్టివ్ అనగానే అతను కంగారు పడి, తను అమ్మేవన్నీ అసలువేనని అడక్కుండానే బిల్లులు తీశాడు. నర్సింగం కాకకు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఎందుకు చేసివ్వలేదని త్రివిక్రమ్ అడిగాడు. రుత్విక్ తల గోక్కున్నాడు. పెన్‌డ్రైవ్‌తో వైరస్ వస్తుందని ఒకసారి మాట వరసకు అన్నాడట. ఆ రోజునుంచి కాక ఆ ఇంట్లోకి పెన్‌డ్రైవ్ రానివ్వలేదు.

"వాళ్లింట్లో కంప్యూటర్ పని నేర్పింది నువ్వేనా?"

"కాకకే సార్. అక్కరలేని బొమ్మలను పట్టి లాగి తెర మీది ఈ చెత్తబుట్టల ఎయ్యాలె, మళ్ల కావాలంటే తీసుకోవచ్చని చూపిచ్చిన. కాక ఇంటామె, అవ్వ గూడ పక్కన్నే కూసోని బియ్యం ఏరుకుంటుండె."

ఎల్లేశం కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. ఆ రోజు తనది పొద్దుటి మొదటి షిఫ్టని చెప్పాడు. మామ తనను నలుగురిలో దొంగను చేసి మాట్లాడాడని మాత్రం చాలాసేపు బాధపడ్డాడు. శివ తనకు బామ్మర్ది కంటే ముందు దోస్తు అన్నాడు. షిఫ్టు సంగతి నిజమేనని టైమాఫీసులో తేలింది. రమ కూడా ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్యూటీలోనే ఉంది.

సాయంత్రం నర్సింగం క్వార్టర్‌కు వెళ్లారు. ఆయన భార్య సారలమ్మ చాయ తెచ్చి ఇచ్చింది. ఆ రోజంతా తలనొప్పితో పండుకున్నానని, ఆ డబ్బా తాను ఏనాడూ ముట్టలేదని చెప్పింది. త్రివిక్రమ్ డబ్బా సంగతి వదిలేసి, శివ ఎలాంటివాడని అడిగాడు. ముసలామె మొహం విప్పారింది.

"తిండి మీదనే పానం సార్ వానికి. దవాఖానల, ముక్కుల పైపు పెట్టినంక గూడ, అమ్మ చేసే సొరకాయ పులుసు కావాలన్నడు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రమ చప్పున తలెత్తింది. మళ్లీ దించుకుంది. త్రివిక్రమ్ చాయ మెల్లగా తాగి లేచాడు. వాకిట్లో రమను ఒకే ఒక్క మాట అడిగాడు. దవాఖానలో శివ దగ్గర ఎవరున్నారని.

"నేనొక్కదాన్నే సార్. అప్పుడు అత్తమ్మకు కాలిరిగి మంచంల ఉండె. మామ ఆమె కాడ ఉండె."

తిరిగి వస్తూ దారిలో ఆయన భావ్యను ఇంకో సంగతి అడిగాడు. ఆ బుట్టలో పడ్డ వస్తువు ఎన్నాళ్లుంటుంది? ఎవరైనా బుట్ట ఖాళీ చేసేదాకా ఉంటుందని ఆమె చెప్పింది. ఖాళీ చేసినా, డిస్కు మీద కొత్తవేవీ ఎక్కించకపోతే చాలావరకు వెనక్కి తీయొచ్చు. చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. చెత్త ఊడ్చిన ఆ యాంటీవైరస్ బుట్టనూ ఊడ్చేసింది. ఆ తర్వాత నర్సింగం ఒకదాని మీద ఒకటి ఎక్కించిన ప్రతి యాంటీవైరస్సూ ఆ ఖాళీ చోట్లోనే పోయి కూర్చుంది.

"అయితే సార్, ఆ పొద్దు ఆయన ఏదీ వేయకుండా మన దగ్గరికొచ్చి ఉంటే..."

"అవును," అన్నాడు త్రివిక్రమ్.

ఆదివారం అందరినీ క్వార్టర్లో కూర్చోబెట్టాడు. ఎల్లేశం, అతని భార్య గుమ్మం పక్కన కూర్చున్నారు. నర్సింగం వాళ్ల వైపు చూడలేదు. రుత్విక్ గోడకానుకుని నిలబడ్డాడు. రమ కింద కూర్చుని చాప అంచు గిల్లుతోంది.

"మీ ఇంట్లోకి వైరస్ రాలేదు," అని మొదలుపెట్టాడు త్రివిక్రమ్. "ఎల్లేశం వేసింది మంచిదే, రుత్విక్ వేసింది మంచిదే. ఇంటి కంప్యూటర్‌కు ఒకటి చాలు. రెండు పెడితే ఒకదాన్నొకటి దొంగనుకుంటాయి. మీకు జరిగింది కూడా అదే. ఆ పని చేసింది మనిషి. ఆ మనిషికి చదవడం రాదు. వచ్చి ఉంటే పక్కనే శివ పేరు రాసి ఉన్న ఫోల్డర్‌ను వదిలేది కాదు. మొహాన్ని మాత్రమే గుర్తుపట్టి బుట్టలో వేసింది. కాబట్టి రమ కాదు, ఎల్లేశం కాదు. వాళ్లిద్దరూ డ్యూటీలో ఉన్నారు కూడా. నర్సింగన్న దవాఖానలో ఉన్నాడు."

ఆయన రమ వైపు తిరిగాడు.

"సొరకాయ పులుసు మాట దవాఖానలో ఒక్క రమ విన్నది. ఎవరికైనా చెప్పావా అమ్మా?"

రమ తల అడ్డంగా ఊపింది. "చేసి పెట్టలేకపోయిన్నని అత్తమ్మ ఏడుస్తదని చెప్పలే."

"నర్సింగన్న ఆ దవాఖాన వీడియో ఎప్పుడూ పెట్టలేదు. అది చూస్తే తప్ప ఆ మాట తెలియదు. ఆ రోజు ఇంట్లో ఉన్నది ఒక్కరే."

సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాదనలేదు. మెల్లగా చెప్పింది.

"చూడాలనిపిచ్చి కూసున్న. వాడున్నయన్ని మద్యాన్నందాక చూసిన. రోజు వాడు బాపూ అనే మాట ఇనబడంగనే ఈ పిల్ల అన్నం పల్లెం ఇడిసి డ్యూటీకి పోతది. నేను చూసుకుంటనే ఉన్న. జెర కుదుటపడి ఒక ఇంటిదైతే మళ్ల తీద్దామని పక్కకు పెట్టిన. బుట్టలనే ఉన్నడు సార్. తియ్యుండ్రి."

నర్సింగం ఒక్కసారిగా లేచి త్రివిక్రమ్ దగ్గరికి వచ్చాడు. ఆ మొహంలో ఆశ చూసి భావ్య తల తిప్పుకుంది. ఇప్పుడు చెప్పాల్సింది ఏమిటో ఆమెకు తెలుసు. బుట్ట ఎవరు ఊడ్చారో, ఆ చోటును ఎవరు నింపారో అన్నీ వరసగా చెబుతాడని ఎదురుచూసింది.

"లేదన్నా," అన్నాడు త్రివిక్రమ్. "ఆ బుట్ట తనంతట తానే ఖాళీ అవుతుంది. మిషన్ల తీరే అంత. అవ్వకు తెలియదు, మీకూ తెలియదు. మొదటిరోజు వచ్చినా దొరికేది కాదు."

రుత్విక్ ఏదో అనబోయి, త్రివిక్రమ్ చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

నర్సింగం నిలబడ్డచోటే నిలబడ్డాడు. కోపగిస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు.

"ఆకరుదాంట్ల ఏమన్నడే వాడు?"

సారలమ్మ కోడలి వంక చూసింది. "పులుసు అడిగినంక నవ్విండు. నాకేమన్నయితే నువ్వు గిట్లనే ఒక్కదానివి కూసోకు రమా, మళ్ల లగ్గం చేసుకో, బాపుకు నువ్వే చెప్పుకోవాలె అన్నడు." ఆమె భర్త వైపు తిరిగింది. "ఈ పిల్ల ఎన్నడన్న చెప్పిందా మనకు?"

రమ మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "ఎట్ల చెప్పాలె మామా," అంది. "నువ్వు రోజు ఆయన ముందట కూసుంటివి."

నర్సింగం చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కోడలి తల మీద ఆనింది. గుమ్మం దగ్గరున్న ఎల్లేశాన్ని లోపలికొచ్చి కూర్చోమన్నాడు. తప్పయిందని అనలేదు. మంచినీళ్ల చెంబు తానే అందించాడు.

వర్షాలు పడ్డాక రమ రామకృష్ణాపూర్ సంబంధానికి ఒప్పుకుందని, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలయ్యాయని రుత్విక్ ద్వారా తెలిసింది. అత్తమామలను క్వార్టర్ విడిచి వెళ్లనివ్వలేదట.

ఆ ఆదివారం మాత్రం ఆటోలో ఆఫీసుకు తిరిగి వస్తూ భావ్య ఊరుకోలేకపోయింది. మీరు చెప్పింది నిజం కాదు కదా సార్ అని అడిగేసింది. త్రివిక్రమ్ రోడ్డు వైపు చూస్తూనే బదులిచ్చాడు.

"ఎవరు చేశారో చెప్పమని అడిగాడు భావ్యా. చెప్పాను. కొడుకు గొంతును తన చేత్తోనే ఊడ్చుకున్నాడన్న సంగతి ఆయన అడగలేదు."

"మరి అవ్వ? తన వల్లే పోయిందని బతికినన్నాళ్లు అనుకుంటుంది."

ఆటో రైలు గేటు దగ్గర ఆగింది. బొగ్గు వ్యాగన్లు ఒకటొకటిగా పోతుంటే త్రివిక్రమ్ వాటినే లెక్కపెడుతూ కూర్చున్నాడు.