ఎడమవైపు చక్రం

బ్రోనీ నాతో అన్న మొట్టమొదటి మాట, "నిన్నడిగానా?"

ఏడాది కిందటి సంగతి. మా ద్వీపంలో ఉన్న ఒకే ఒక్క స్కూలుకి టీచరుగా వచ్చి, మా నాన్నమ్మ పెరట్లో గది అద్దెకు తీసుకుంది. మర్నాడు పొద్దున్నే చూస్తే, ముసలి క్లెమ్ దగ్గర కొన్న పాత కారు బానెట్ ఎత్తి సగం మనిషి అందులో దూరిపోయి ఉంది. నేను పెద్ద మొనగాడిలా వెళ్ళి, తన చేతిలో స్పానర్ లాక్కుని, "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అన్నాను.

"నిన్నడిగానా?"

"లేదు."

"అడిగినప్పుడు చేద్దువుగాని. అందాకా అక్కడ నిలబడి, చేతనైతే అందంగా కనబడు."

ఆ రెండోది ఏడాదంతా ప్రయత్నించాను. చేతకాలేదు. మొదటిది మాత్రం బాగా గుర్తు పెట్టుకున్నాను. మా ఊరి పద్ధతి కూడా అదే. ఎవడి పని వాడిది, అడక్కుండా నోరు పెట్టకూడదు. పక్కవాడి పడవ తలకిందులుగా కడుతున్నా సరే, టోపీ సర్దుకుని "వాన వచ్చేలా ఉంది" అని వెళ్ళిపోవాలి తప్ప సలహా ఇవ్వకూడదు.

ఏడాది తిరిగాక ఒక శుక్రవారం నేను పెరటి గోడ మీద కూర్చుని రొయ్యలు పట్టే బుట్టలు బాగుచేసుకుంటున్నాను. ఎదురుగా బ్రోనీ కారుకి కొత్త బ్రేకులు వేసుకుంటోంది. మర్నాడు మధ్యాహ్నం పోటు మీద, కార్లు మోసే బార్జ్ పడవ బయల్దేరుతుంది. కారుతో సహా తను సముద్రం దాటి టాస్మేనియా వెళ్ళిపోతోంది. అక్కడ కొండల్లో ఒక స్కూల్లో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ఆ స్కూలు ఊరికి ఇరవై మైళ్ళు, బస్సు లేదు. కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే. మళ్ళీ బార్జ్ వారం తర్వాతే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఏడాదిగా చెప్పాల్సిన మాట చెప్పలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

"కుడివైపువి నిన్న వెన్నలా ఊడొచ్చాయి. ఇదేంటి ఇలా బిగుసుకుపోయింది?" అని తనలో తనే అనుకుంది బ్రోనీ.

ఎడమవైపు ముందు చక్రం. తను నట్టుకి స్పానర్ తగిలించి, దానికి బారెడు ఇనప పైపు తొడుగుతోంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పటి కార్లు కొన్నింటికి ఎడమవైపు చక్రాల మర ఉల్టాగా ఉంటుంది. లోకంలో నట్లన్నీ ఎటు తిప్పితే ఊడతాయో, ఇవి అటు తిప్పితే బిగుస్తాయి. మా తాత దగ్గర ఇలాంటి కారే ఉండేది. పదేళ్ళ వయసులోనే నాకీ సంగతి తెలుసు. వీడియోలు చూసి పని నేర్చుకున్న టీచరమ్మకి ఎలా తెలుస్తుంది?

"అటు కాదు, ఇటు." అంతే. రెండు మాటలు.

నేను అనలేదు. అడగలేదుగా, అనుకున్నాను. తను పైపు మీదికెక్కి ఒక్క గెంతు గెంతింది.

ఠప్పుమని బోల్టు విరిగింది.

బ్రోనీ కింద కూలబడి నట్టుతో సహా ఊడిన ముక్కని చూసింది. తర్వాత నావైపు చూసింది. అడగడానికే చూసిందేమో. నేను బుట్టలో తల పెట్టేశాను.

తను లేచి రెండో నట్టుకి పైపు తగిలించింది.

మొదటిది పొరపాటని సరిపెట్టుకోవచ్చు. తటపటాయిస్తుండగానే విరిగిపోయింది. రెండోదానికి అలా చెప్పుకోవడానికి లేదు. చెప్పడానికి బోలెడు టైముంది. ఆ టైమంతా నేను ఒక్కటే లెక్క వేశాను. ఇంకో వారం. తను ఉంటే, ఇంకో వారం.

అదీ విరిగింది.

"అయిపోయింది" అంది బ్రోనీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఐదింట్లో మిగిలిన మూడు బోల్టుల మీద ఆ కొండల్లో నడపలేను. మిగతావీ ఇలాగే పోతాయి. సోమవారానికి చేరలేను, లాకీ."

నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వేసింది. సరిగ్గా నాన్నమ్మ వంటింటి కిటికీలోంచి "లాకీ, టీ" అని పిలిచేదాకా ఉంది ఆ సంతోషం.

లోపలికి వెళ్తే టీ లేదు. నాన్నమ్మ ఒక్కతే ఉంది, చేతిలో గరిటె.

"ఒరే, మీ తాత కారుకి చక్రాలు ఎవరు మార్చేవారు?"

"నేనే."

"ఎడమవైపు నట్లు ఎటు తిరుగుతాయి?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.

"కిటికీలోంచి అన్నీ కనబడతాయిరా నాకు" అంది. "అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. ఆ పిల్లని ఉండమని అడగడానికి నీకు నోరు రాలేదు. చక్రం ఊడకుండా చూడ్డానికి మాత్రం తెలివొచ్చింది. నేను చెప్పను. నువ్వే చెప్పుకో. చెప్పేదాకా ఈ ఇంట్లో నీకు టీ లేదు."

బయటికొచ్చాను. "క్లెమ్ పొలంలో ఇలాంటి కారే ఇంకోటి పడి ఉంది. దాని బోల్టులు తెద్దాం, పద" అన్నాను.

బ్రోనీ మొహం విప్పారింది. "అడక్కుండానే సాయం చేస్తున్నావే?"

ఆ నవ్వు చూసి నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

నా ట్రక్కులో బయల్దేరాం. సన్నగా వాన. ఎదురొచ్చిన ప్రతి బండివాడికీ మా అలవాటు ప్రకారం స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరించాను. నాతోపాటు తనూ ఎత్తింది.

"వచ్చిన కొత్తలో ఈ వేళ్ళు చూసి నవ్వుకునేదాన్ని" అంది. "అక్కడ ఎవరికీ ఎత్తలేననుకుంటే ఎలాగో ఉంది."

"ఎత్తు. నేర్చుకుంటారు."

"ఉండిపోయేంత ఊరే ఇది, లాకీ" అంది కిటికీ వైపు తిరిగి. నేనేమైనా అంటానేమోనని కాసేపు ఆగింది. నేను వైపర్ వేగం పెంచాను. నాలాంటివాణ్ణి ఏం చెయ్యాలి, చెప్పండి.

క్లెమ్ పొలం చివర, ముళ్ళపొదలో, తుప్పు పట్టిన కారు. కొడవలితో పొద నరుక్కుంటూ ఎడమ చక్రం దగ్గరికి చేరాం. చుక్కలు చుక్కలుగా నూనె పోసి, కాసేపాగి, స్పానర్ తగిలించాను. అప్పుడు తెలిసింది నా పరిస్థితి. అటు తిప్పితే బోల్టు విరుగుతుంది. ఇటు తిప్పితే నేను దొరికిపోతాను.

'అరే, ఇదేదో ఉల్టాగా ఉన్నట్టుందే' అని అప్పుడే కనిపెట్టినట్టు నటించొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన తను వానలో తడుస్తూ, నేను పడేసే నట్టు కోసం దోసిలి పట్టి నిలబడి ఉంది. నా మీద అంత నమ్మకం.

ఇటే తిప్పాను. కిర్రుమని నట్టు కదిలింది.

"అటు తిప్పుతున్నావేంటి?" అంది.

"ఎడమవైపు నట్లు ఇలాగే ఊడతాయి. ఉల్టా మర."

తను ఆలోచించింది. టీచరు కదా, లెక్క తొందరగానే తేలింది. దోసిలి కిందికి దించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పదేళ్ళప్పుడు."

"నేను పైపు తొడుగుతున్నప్పుడు..."

"తెలుసు."

"రెండోది?"

"అప్పుడూ తెలుసు."

నేను స్పానర్ని చూస్తూ చెప్పేశాను. "నువ్వంటే నాకిష్టం, బ్రోనీ. నువ్వు వచ్చిన మర్నాటినుంచీ. వారం ఆగితే ఏదో ఒక రోజు ధైర్యం వస్తుందనుకున్నాను. అందుకని ఊరుకున్నాను. తప్పు చేశాను."

ఇలాంటి మాట ఎవరైనా వెన్నెల్లో చెబుతారు. నేను ముళ్ళపొదలో, చేతినిండా గ్రీజుతో చెప్పాను.

"అడగొచ్చుగా" అంది.

"అడిగితే వెళ్తానంటావని."

"అంటానో, అననో! ఆ మాట చెప్పాల్సింది నేను. నువ్వు నన్ను చెప్పనివ్వకుండానే నా కారు విరగ్గొట్టావు. చేత్తో కాదు, నోరు మూసుకుని. ఏడాదిగా నాకు ఈ ద్వీపంలో నిజం చెప్పే మనిషి నువ్వొక్కడివే అనుకున్నాను."

నా చేతిలోంచి స్పానర్ లాక్కుంది. మిగతా నట్లు తనే విప్పింది, ఇటువైపు తిప్పి.

సాయంత్రం దాకా షెడ్డులో పని చేశాం. విరిగిన మొదళ్ళను సుత్తితో వెనక్కి కొట్టి తీసింది, క్లెమ్ కారువి వాటి చోట ఎక్కించింది, బ్రేకులు వేసింది. అంతా తనే. నాతో అన్నవి మూడే మాటలు. "పట్టుకో." "సుత్తి." "వదులు." నాన్నమ్మ వాలబీ కూర, అంటే మా చిన్న కంగారూ మాంసం, తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, నా పళ్ళెంలో కాస్త ఎక్కువే వడ్డించింది. చెప్పేశానని అర్థమైంది కాబోలు.

మర్నాడు రేవులో బార్జ్ మీదికి కార్లు ఎక్కిస్తున్నారు. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరికెళ్ళే మొహం ఎక్కడుంది నాకు? బ్రోనీ కారెక్కించి, తాళం జేబులో వేసుకుని, మళ్ళీ దిగి నా దగ్గరికి నడిచొచ్చింది.

"పది నిమిషాలుంది" అంది. "ఇప్పుడడుగు."

"ఏంటి?"

"నిన్న అడగనిది."

"ఉండిపోతావా, బ్రోనీ?"

"ఉండను."

జవాబు ముందే తెలుసు.

"ఆ ఉద్యోగం నాకు కావాలి" అంది. "మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ఇంకో వారం ఆపినా ఇదే చెప్పేదాన్ని. చూశావా, అడిగితే చచ్చిపోలేదు నువ్వు."

"సగం చచ్చాను."

"మిగతా సగంతో ఇంకోటడుగు."

"ఇంకోటేంటి?"

"అది కూడా నేనే చెప్పాలా? ఇంత మొద్దువి రొయ్యలెలా పడతావయ్యా నువ్వు?"

అప్పుడు వెలిగింది నాకు. ఏడాదంతా తనని ఎలా ఆపాలనే ఆలోచించాను. నేనే కదిలి వెళ్ళొచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు. సముద్రం అవతలివాళ్ళు మా దగ్గరికి రావడమే గాని మేం కదలడం మా వంశంలోనే లేదు మరి.

"నేను రానా?" అన్నాను.

బ్రోనీ కళ్ళలో నీళ్ళున్నాయి, కోపమూ ఉంది. "రా. కానీ ఇప్పుడే కాదు. నేనింకా నీ మీద మండిపోతున్నాను. ఒక నెల ఆగి రా."

బార్జ్ కదిలింది. బ్రోనీ దాని చివర్లో నిలబడి చెయ్యి ఊపలేదు. లోపలికీ వెళ్ళలేదు.

ఆ నెల నేను చేసిన పనల్లా క్యాలెండర్ చూడ్డం, నాన్నమ్మ చేత తిట్లు తినడం. ఫోన్ చెయ్యలేదు. నెల అంది కదా, ఆ మాటైనా నిలబెట్టుకుందామని. పంతొమ్మిదో రోజు పొద్దున ఫోన్ మోగింది.

"నెల అన్నాను కదా అని నిజంగా నెల ఆగుతావా?" అంది బ్రోనీ.

"కోపం తగ్గిందా?"

"లేదు. ఫోన్లో తిడితే తృప్తిగా ఉండదు. ఎదురుగా ఉండాలి."

ఆ మధ్యాహ్నం టాస్మేనియా వెళ్ళే విమానంలో ఒక్క సీటు ఖాళీ ఉంది. అందులో నేను కూర్చున్నాను.