కొండ పొలం గేటు

మధ్యాహ్నం పాలు పిండడం నాలుగింటికల్లా అయిపోయింది. జనరేటర్ ఆపేసరికి షెడ్డంతా సద్దుమణిగింది. కార్చిచ్చు దాటిపోయి పన్నెండు రోజులైనా గిప్స్‌లాండ్ కొండల మీంచి పొగ పోలేదు. పట్టపగలే మునిమాపులా ఉంది. కాలిన జామాయిల్ చెట్ల వాసన, దాని అడుగున మరో వాసన. ఆ రెండోదాని ఊసు వెర్నా ఎత్తదు.

ఆవులు మేసే కొండ పొలంలో పంతొమ్మిది మంటల్లో పోయాయి. గేటుకు ఒరుసుకుని, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. వాటిని తోలుకురావడానికి వెళ్ళింది ఆమె మొగుడు కెల్విన్. మంట చుట్టుముడితే వాగులో పడి తానొక్కడే బయటపడ్డాడు. గేటు తీసే ఉంచానని, గాలికి మూసుకుపోయుంటుందని అంటాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మాట నమ్మాలనే ఆమెకూ ఉంది. నమ్మలేకపోతోంది. అన్నం సయించడం లేదు, పక్కలో అతనుంటే నిద్ర పట్టడం లేదు.

నేల కడుగుతున్న గొట్టం కింద పడేసి, షెడ్లోనే ఉన్న కెల్విన్‌ని అడిగేసింది.

"గేటు గాలి వేసిందన్నావు, సరే. గొలుసు కూడా గాలే తగిలించిందా?"

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ!"

"నిజం చెప్పు కెల్విన్. ఇంక జన్మలో అడగను."

అతను వంగి గొట్టం తీసి, కుళాయి కట్టేశాడు.

"లోపలికెళ్ళి వెనకాల వేసేసుంటాను. గుర్తు లేదు వెర్నా. చెయ్యే వేసేసుంటుంది."

దాటిన గేటు దాటినవాడే వెయ్యాలని అక్కడ పిల్లలకు నడక రాకముందే నేర్పుతారు. అంత మంటలోనూ కెల్విన్ చెయ్యి ఆ మర్యాద తప్పలేదన్నమాట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యట, చెయ్యి! మెడ మీద తలకాయ ఉన్నవాడెవడైనా అప్పుడు గేటు వేస్తాడా?"

విసవిసా బయటికి నడిచింది. పాలిచ్చిన ఆవులు అరవై రెండూ దొడ్లో నిలబడి ఉన్నాయి. వాటిని తోసుకుంటూ దొడ్డి గేటు దాటి, ఇంటి వైపు పది అడుగులు వేసిందో లేదో... వెనక నుంచి గుసగుస.

"వెర్నా... గేటు తియ్యి."

తిరిగి చూసింది. గేటు వేసి ఉంది. గొలుసు తగిలించి ఉంది. ఊచల అవతల, ఆమె వెనకే దొడ్లోకి వచ్చిన కెల్విన్. అతని వెనక ఆవులన్నీ ముందుకు తోసుకొస్తున్నాయి. ఒక్కటీ అరవడం లేదు.

"నేను వెయ్యలేదు," అంది.

"నా కళ్ళతో చూశాను. వెనక్కి తిరక్కుండానే వేసి పోయావు. త్వరగా... చెయ్యి ఆడనివ్వడం లేదు ఇవి."

గొలుసు పట్టుకుంది. చురుక్కుమంది. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. ఏప్రాన్ చెంగు అడ్డం పెట్టి ఎలాగో ఊడదీసింది. కెల్విన్ బయటికి వచ్చిపడ్డాడు. వెర్నాకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఇతన్నా దొంగను చూసినట్టు చూసింది!

ఆవులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. అరవై... అరవై ఒకటి... అరవై రెండు.

దొడ్డి ఖాళీ అయింది. కెల్విన్ గేటు మూయబోయాడు.

అప్పుడు వినబడింది. గిట్టల చప్పుడు... ఖాళీ దొడ్లోంచి. నిదానంగా... బరువుగా. గేటు నడుమ బూడిదలో ఒక గిట్ట అచ్చు పడింది. దాని వెనక ఇంకో ఆవుది.

వెర్నా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వెయ్యకు," అంది. "ఇంకా వస్తున్నాయి."

పంతొమ్మిది దాటాయి. చప్పుడు ఆగిపోయింది. అయిపోయిందనుకుంది.

ఇంకొక్క అడుగు పడింది... అది గిట్ట కాదు. బూటు. ఎడమ మడమ ఓ పక్కకి అరిగిన బూటు. ముప్పై ఏళ్ళుగా తన గుమ్మంలో చూస్తున్న కెల్విన్ బూటే. తడి తడిగా, వాగు బురదతో, ఆ అడుగులు ఇంటి వైపు సాగిపోయాయి.

వెర్నా చేతిలో ఆ మణికట్టు అలాగే ఉంది. తలెత్తి అతని ముఖం చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.