గ్రైండరుకి ఎనిమిది వేల పాయింట్లు

పొద్దున్న ఆరింటికే ప్రోతరాపూర్‌లో గవరమ్మ గొంతు లేచింది. ఆ గొంతు లేచాకే వీధిలో మిగతావాళ్ళు లేస్తారు.

"ఒలే కాళీ! ఇంకా తెమల్లేదేటి? ఎనిమిది గంటల బస్సు తప్పిపోతే నీ నెత్తెక్కి ఎల్లాలా పోర్ట్ బ్లెయిర్‌కి?"

తడిక అవతలి వంటింట్లోంచి తోడికోడలు కాళమ్మ జవాబు నీరసంగా వచ్చింది. "తలనొప్పిగా ఉందక్కా. నువ్వెల్లొచ్చెయ్."

"తలతో మొయ్యమన్నానా నిన్ను? సేతుల్తోనే కదా! ఈ బుజమేసుకుని గ్రైండరు పెట్టె నానొక్కదాన్నే ఎలా తెత్తాను? చలో, బయల్దేరు!"

ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరు, పడవ ఒకటి, మధ్యలో తడికతో వంటిళ్ళు రెండు. అన్న నూకన్న, తమ్ముడు లక్ష్ముడు కలిసి వేటకెళ్తారు. వెళితే వారం. ఈమధ్య వల నిండటం మానేసింది, ఇంటి నిండా దిగులే. అందుకని గవరమ్మ బస్టాపు దగ్గర ఇడ్లీ, దోశల బండి పెట్టాలని తీర్మానించింది. చోటు మాట్లాడేసింది, పెనం కొనేసింది. రుబ్బడానికి రోలుంది గానీ, పొత్రం తిప్పే కుడిభుజం తిరగబడింది. డాక్టరు ఇక రోలు జోలికి పోవద్దన్నాడు. గ్రైండరు కావాలి. కొనడానికి డబ్బుల్లేవు. ఉన్నవల్లా పాయింట్లే.

పాయింట్ల దగ్గర గవరమ్మ ఏ పాయింటూ వదలదు. నీలాంబరి సూపర్ మార్కెట్‌లో కార్డు చూపిస్తే పది రూపాయలకి ఒక పాయింటు, బుధవారం రెండు. రెండు వేలు దాటిన బిల్లుకి ఇంకో యాభై. ఎనిమిది వేలు కూడితే గ్రైండరు ఉచితం. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చి అరలు నిండగానే అందరూ మర్నాడే పరిగెడతారు. గవరమ్మ మాత్రం బుధవారం దాకా ఉల్లిపాయ లేకుండా వండుతుంది, తినలేనివాళ్ళని మాటలతో వండుతుంది. ఇరుగుపొరుగు సబ్బులూ, టీపొడీ ఆ కార్డు మీదే. వేటకెళ్ళే పడవకి వారానికి సరిపడా బియ్యం, నూనె, పప్పు కూడా ఆ కార్డు మీదే. మగవాళ్ళు నీళ్ళలో చేపలు పట్టలేకపోయినా ఆవిడ బిల్లుల్లో పాయింట్లు పట్టింది. ఆవిడ వల చిరగలేదు మరి!

భుజం పట్టేశాక, ఏడాదిగా బజారుకి కాళమ్మని పంపుతోంది. లెక్క మాత్రం తన బుర్రలోనే ఉంచుకుంది. రెండేళ్ళకి ఎనిమిది వేలూ దాటాయి. పాత పాయింట్లు ఈ నెలాఖరుతో చెల్లవు. ఇవాళే నెలాఖరు.

బస్సులో దారి పొడవునా గవరమ్మే మాట్లాడింది: మొదటిరోజు ఎన్ని ఇడ్లీలు, చట్నీ పల్చగానా చిక్కగానా, అప్పు అడిగిన మొహాలకి ఏం జవాబు చెప్పాలి.

"నువ్వు గిన్నెలు తోముదువు గాని," అని కాళమ్మ పదవి కూడా ప్రకటించింది. కాళమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

దుకాణంలో గవరమ్మ కార్డుని కౌంటరు మీద టప్పున పెట్టింది. "గ్రైండరు తియ్యమ్మా, బేటీ. ఆ పెద్దది."

కౌంటరు పిల్ల కార్డు గీకింది. మళ్ళీ గీకింది. "ఆంటీ, దీన్లో నాలుగు వేల మూడొందలే ఉన్నాయి."

"సగమేనా! మిగతా సగం నీ మిసను మింగేసిందా?"

"మిషను మింగదు ఆంటీ. బిల్లు కొట్టినప్పుడే పడతాయి."

"నాకు లెక్కలు రావనుకున్నావా? మానేజరుని పిలువు! పేదోళ్ళ నోటికాడ పాయింటు లాక్కుంటారేటి? రెండేళ్ళు బుదారం బుదారం పడిగాపులు పడి కూడబెట్టింది! పడవ సరుకు బిల్లులన్నీ ఏవైపోయాయి?"

వరసలో నిలబడ్డవాళ్ళు వెనక్కి జరిగారు. పిల్లకి రోషం వచ్చింది. తెర మీద వేలు పెట్టి చూపించింది. "ఏడాదిగా మీ కార్డు మీద పెద్ద బిల్లు ఒక్కటీ లేదు. మీరు చెప్పే పడవ సరుకు బిల్లులన్నీ మీ ఇంటి చిరునామాతోనే ఉన్న వేరే నంబరు మీద పడ్డాయి. దాన్లో మూడు వేల తొమ్మిదొందలున్నాయి."

"ఎవుడా దొంగ? నంబరు సెప్పు!"

సముద్రంలో టవరుండదని నూకన్న ఇంట్లో వదిలివెళ్ళే ఫోను గవరమ్మ సంచీలోనే ఉంది. తీసి, పిల్ల చెప్పిన అంకెలు ఒక్కొక్కటే పొడిచింది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తరవాత కాళమ్మ చేతిసంచీ మోగింది.

మోగుతూనే ఉంది. కాళమ్మ తీయలేదు.

"నువ్వా?" అంది గవరమ్మ. తరవాత దుకాణం పైకప్పు అదిరింది. "నువ్వంటే నువ్వా! నా ఇంట్లో తిని, నా సంచీ పట్టుకుని, నా వెనకాల నాకే గోతులా? గ్రైండరు కోసం నాను రెండేళ్ళు ఉల్లిపాయ మానేత్తే, నువ్వు పాయింట్లు నొక్కేత్తావా? ఛీ!"

"నీ ఇల్లేటి?" కాళమ్మ గొంతు పదునెక్కింది. "నీ పడవేటి? సరుకు డబ్బులు ఇద్దరివీ కావా? పడవ మీద వచ్చిందేదైనా పాలేసి పంచుకుంటాం. పడవకో పాలు, వలకో పాలు, మనిసికో పాలు. సన్నసేపని కూడా పంచుకుంటారు మగాళ్ళు. మరి పాయింట్లకి పాలు లేదేం?"

"పాలట, పాలు! విషం! బండి పెట్టేది నీ పిల్లలకి కూడా కాదేటే?"

"నాకా? బస్సులో ఏటన్నావు? గిన్నెలు తోమమన్నావు! పడవ లైసెన్సు బావది. ఇంటి కాయితం బావది. గేసు బుక్కు బావది. సంచీ మొయ్యడం మట్టుకు నాది. బుదారం నాది, ఎండ నాది, బస్సులో నిలబడ్డం నాది. కార్డు నీది!"

"అడిగుండొచ్చుగా!"

"అడిగితే ఇత్తావా? నువ్వు మాటాడితే నా మాటకి సోటెక్కడుంది?"

మేనేజరు వచ్చాడు, ఇద్దరి మొహాలూ చూసి తిరిగి లోపలికి వెళ్ళాడు. బతకనేర్చిన మనిషి.

"ఏటి కొన్నావు వాటితో? సెప్పు! చీరా? సెంటు సీసాలా? అమ్మగారింటికి పంపావా?"

"ఏమీ కొనలేదు."

"కొనలేదా? మరి దొంగిలించి ఏం సేసుకున్నావే?"

కాళమ్మ ఫోను తీసి, వెతికి, గవరమ్మ మొహం ముందు పెట్టింది. గవరమ్మ బుగతలపాలెం నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి, హిందీ మాట్లాడుతుందే గాని చదవలేదు. ద్వీపంలో పుట్టి అయిదో తరగతి చదివిన కాళమ్మే ఆ హిందీ సందేశాన్ని తెలుగు చేసి చదివింది.

"ప్రియమైన కాళమ్మ జీ. మీకు పుట్టినరోజు శుభాకాంక్షలు. మీరు మాకు ఎంతో విలువైన సభ్యులు." ఆగింది. "జనవరి ఒకటిన వచ్చింది. ఆధార్‌లో పుట్టిన తారీకు తెలీనోళ్ళందరికీ జనవరి ఒకటే కదా, అదే ఇచ్చాను. అయినా నా పేరెట్టి ఎవరూ రాయలేదక్కా ఇలాగ. లక్ష్ముడి పెళ్ళాం, నూకన్న మరదలు, పిల్లల అమ్మ... కాళమ్మ జీ అని ఈ దుకాణమే రాసింది. పాయింట్లు నాకొద్దు. ఆ కార్డు మీద నా పేరుందని ఉంచుకున్నాను."

"పేరట! పేరు కోసం నా బుజం ఇరగ్గొడతావా?" గవరమ్మ అరిచింది గాని, ఈసారి అరుపు సగంలోనే తెగిపోయింది. కౌంటరు పిల్ల వైపు తిరిగింది. "నా కార్డుకి ఏ మెసేజీ వత్తాది? నాకేటి రాత్తారు?"

పిల్ల తెర చూసింది. కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ప్రియమైన నూకన్న జీ అని వెళ్తుంది ఆంటీ. కార్డు అంకుల్ పేరు మీదే ఉంది."

గవరమ్మ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. రెండేళ్ళుగా దాన్ని బియ్యం డబ్బాలో దాచింది, జ్వరంలో కూడా తలగడ కింద పెట్టుకుంది. ప్రతి బుధవారాన్నీ ఈ ముక్కకి ధారపోసింది. ఆ ముక్క మీద మొగుడి పేరు. వేటకెళ్ళిన మనిషి ఒక్కసారి కూడా ఈ గుమ్మం తొక్కలేదు.

"నాదీ కాదన్నమాట," అంది మెల్లగా. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం కాళమ్మ పెళ్ళయ్యాక వినలేదు.

తరవాత కోపం మళ్ళీ వచ్చింది, కాకపోతే ఎవరి మీదో తెలియని కోపం. "రెండూ కలిపెయ్యమ్మా! ఎనిమిది దాటుతాయి కదా?"

"దాటుతాయి. ఒకే ఇంటివాళ్ళయితే ఒక కార్డులోంచి ఇంకో దాన్లోకి పంపొచ్చు. ఎవరి దాన్లోకి పంపాలి? గ్రైండరు బిల్లూ, గ్యారంటీ ఆ పేరు మీదే వస్తాయి."

కాళమ్మ తల దించుకుంది. "అక్క దాన్లోకే."

"అక్క పేరెక్కడుందే దానిమీద!" గవరమ్మ కౌంటరు మీద చరిచింది. "నూకన్న జీకి గ్రైండరెందుకు? పిండి రుబ్బుతాడా? దీని కార్డులోకి పంపు. కాళమ్మ జీ కార్డులోకి. బండి మీద ఇద్దరి పేర్లూ రాయిత్తాను. గిన్నెలు ఒకరోజు నాను, ఒకరోజు నువ్వు. తప్పావంటే సంపేత్తాను!"

నూకన్న ఫోను గుయ్యిమంది. "పాయింట్లు పంపడానికి ఓటీపీ వచ్చుంటుంది, ఆ నంబరు చెప్పండి ఆంటీ," అంది పిల్ల. గవరమ్మ కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుని తెరలోకి చూసింది. అంకెలు అలుక్కుపోయాయి. ఫోను కాళమ్మ చేతిలోకి నెట్టింది.

"సదువు."

కాళమ్మ చూసింది. వరసలో ఉన్నవాళ్ళ వైపోసారి చూసి, ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఏటే? ఏటుంది?"

"ఈ నంబరు ఎవరికీ సెప్పొద్దని రాసుందక్కా."

"నువ్వు ఎవరోనా?" గవరమ్మ గొంతు దుకాణమంతా మోగింది. "గట్టిగా సదువు!"